పండగలొస్తున్నాయి, పిరికి కుక్కపిల్లని ముక్క చూపించి మనుషుల దగ్గరికి లాగొద్దు

మొన్న ఆదివారం మా వీధి చివరింట్లో ఒక పిల్లోడి చేతి మీద కుక్క పండ్లు దిగినాయి. కర్నూల్లో కుక్క కరిచిందంటే అందరూ వీధికుక్కల మీదికే పోతారు గానీ ఇది ఇంట్లో పెంచుకున్న పది నెలల ఆడకుక్క, బో పిరికిది, ఎవరొచ్చినా మంచం కిందికి దూరేది. ఇంట్లోళ్లు యూట్యూబ్ చూసి క్లిక్కర్ కొన్నారు (నొక్కితే టిక్కుమనే చిన్న డబ్బీ, కుక్కకి నేర్పడానికి వాడతారు), సిట్ నేర్పినారు, షేక్ హ్యాండ్ నేర్పినారు, బాగనే నేర్చుకుంది. ఆ రోజు చుట్టాలొచ్చినారు. "ఏం కాదులే నాయనా, చికెన్ ముక్క పట్టుకో, అదే వస్తుంది" అని పిల్లోడి చేతిలో ముక్క పెట్టినారు. వచ్చింది కూడా. వెనక కాళ్లు యాడివాడనే ఉంచి, మెడ ఒక్కటే సాచి, ముక్క అందుకుంది. పిల్లోడు సంబరంగా తల నిమరబోయినాడు, అంతే.

ఇప్పుడు ఆ ఇంట్లోళ్లు కుక్కని ఎవరికన్నా ఇచ్చేద్దామంటున్నారు. అది ఏడుపొచ్చే సంగతి, ఎందుకంటే ఆ కుక్క చెప్పాల్సిందంతా ముందే చెప్పింది, చూసేవాళ్లే లేకపోయినారు. వినాయక చవితి, దసరా, దీపావళి వరసగా వస్తున్నాయి, ప్రతి ఇంటికీ చుట్టాలొస్తారు, వీధుల్లో డీజేలు, టపాకాయలు. పిరికి కుక్క ఉన్నోళ్లు ఇది ఇప్పుడే చదవాలని రాస్తున్నా. వ్యాక్సిన్లు వేయించండి, నీళ్లు పెట్టండి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

అసలు తప్పు ఇదే

భయపడే కుక్కకి తిండి ఆశ చూపించి, భయపెట్టేదాని దగ్గరికి రప్పించడం. ఇంతకన్నా ఎక్కువ కుక్కల్ని పాడుచేసింది ఇంకోటి నేను చూడలేదు. కొట్టేవాళ్లకి కొడుతున్నామని తెలుసు, వీళ్లకి మాత్రం ప్రేమగా ట్రైనింగ్ ఇస్తున్నామనే అనిపిస్తుంది, అందుకే ఆపరు.

ముక్క కోసం ముందుకొచ్చిందంటే భయం పోయిందని కాదు. ఆకలి ముందుకు లాగుతోంది, భయం వెనక్కి లాగుతోంది, ఆ నిమిషానికి ఆకలి గెలిచింది, అంతవరకే. ముక్క గొంతు దిగినాక ఇంక ముందుకు లాగేది ఏమీ లేదు, తలెత్తి చూస్తే ఎవరిని చూస్తే గుండె జారుతుందో ఆ మనిషి మూరెడు దూరంలో ఉంటాడు. వెనక్కి పోవడానికి జాగా ఉంటే పారిపోతుంది, లేకపోతే కరుస్తుంది.

రెండో నష్టం వెంటనే కనపడదు. పావ్లోవ్ కుక్కల పాఠం అందరం స్కూల్లో చదివినాం కదా, ముందు చప్పుడు, ఆ తర్వాత తిండి, ఆ వరస వల్లే చప్పుడు వింటే నోరూరింది. ఇక్కడ మనోళ్లు వరస తిప్పేస్తారు. ముందు చికెన్ కనపడుతుంది, తర్వాత కొత్త మనిషి మీద పడతాడు. కొన్నాళ్లకి కుక్కకి ఏమర్థమవుతుందంటే, చికెన్ కనపడిందంటే ఏదో గండం రాబోతోందని. అప్పుడు ట్రీట్ డబ్బా మూత తీస్తేనే మంచం కిందికి పోతుంది, క్లిక్కర్ జేబులోంచి తీస్తేనే చెవులు వెనక్కి పోతాయి. ఇంక నేర్పడానికి మీ చేతిలో ఏం మిగలదు. "మా కుక్కకి క్లిక్కర్ పనిచేయలే" అనేవాళ్లని అడిగి చూడండి, చానామంది కథ ఇదే.

కాబట్టి భయపెట్టేది ముందు, తిండి వెనక, అది కూడా కుక్క ఉన్న చోటుకే రావాలి. తిండి కోసం కుక్క భయం దగ్గరికి పోకూడదు.

మరి క్లిక్కర్ ఎట్ల వాడాలి

ఈ పద్ధతికి పేరు తెచ్చిన కరెన్ ప్రయర్ ముందు 1960ల్లో హవాయిలో విజిల్‌తో డాల్ఫిన్లకి నేర్పిన మనిషి. డాల్ఫిన్‌కి గొలుసేసి లాగలేరు, నచ్చకపోతే ఈదుకుంటూ అవతలికి పోతుంది, ఇష్టమై రావాల్సిందే. మీ కుక్కకి కూడా అట్లా పోయే దారి ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి, లీష్ వదులుగా ఉండాలి.

క్లిక్ అంటే "రా" అని పిలవడం కాదు, "ఇప్పుడు చేసింది బాగుంది, ముక్క వస్తోంది" అని చెప్పడం. చుట్టం వచ్చి కూర్చున్నాడనుకోండి, కుక్క గది అవతలి మూల నుంచి వాళ్లని చూసింది, గుర్రుమనలేదు, వణకలేదు. చూసిన ఆ క్షణానే క్లిక్. ముక్క యాడ వేయాలి? చుట్టం వైపు కాదు, కుక్క వెనక్కి. వెనక్కి పోయి తింటుంది, దూరం దొరికింది, తిండీ దొరికింది, ఊపిరి పీల్చుకుంటుంది. మళ్లీ తిరిగి చూస్తుంది, మళ్లీ క్లిక్, మళ్లీ వెనక్కే. చుట్టాలు తామే వేస్తామంటే వేయనీండి, కుక్క తల మీదుగా దాని వెనక్కి విసరమనండి, చేత్తో మాత్రం వద్దు. కొన్ని రోజులకి అదే ఇంకొంచెం దగ్గర నుంచి చూడ్డం మొదలుపెడుతుంది. ఎంత దగ్గరన్నది కుక్క ఇష్టం, మీ ఇష్టం కాదు, మీ బావగారి ఇష్టం అసలే కాదు.

క్లిక్కర్ చప్పుడుకే ఉలిక్కిపడేవి కొన్ని ఉంటాయి. దాన్ని చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టి నొక్కండి, లేదంటే బాల్‌పెన్ టిక్కు చాలు, అదీ ఎక్కువైతే నోటితో ఒకే మాట, ఎప్పుడూ అదే గొంతుతో "యస్". ఒక్క క్లిక్‌కి ఒక్క ముక్క, పొరపాటున నొక్కినా ముక్క ఇవ్వాల్సిందే. పిల్లోళ్ల చేతికి ఆట వస్తువులా ఇవ్వొద్దు.

తిండి సంగతి

ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడకబెట్టిన చికెన్, లేదా ఉడికిన గుడ్డు, శనగగింజంత ముక్కలు. బిర్యానీలోంచి తీసిన ముక్క వద్దు, ఉల్లిపాయ కుక్కకి విషం. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కూడా అంతే, పండగ స్వీట్లలో కిస్మిస్ ఉంటుంది చూసుకోండి. రోజూ ఎగబడి తినే కుక్క ఉన్నట్టుండి ముక్క వాసన చూసి వదిలేసిందంటే ఆకలి లేక కాదు, భయం మితిమీరి. నోటి దగ్గర పెట్టి బతిమాలొద్దు, అక్కడి నుంచి దూరంగా తీసుకుపోండి. చేతి వేళ్లు తగిలేలా లాక్కుని తింటున్నా అదే అర్థం.

డీజే, నిమజ్జనం, దీపావళి

చప్పుళ్లకీ ఇదే తప్పు చేస్తారు. కేసీ కెనాల్ వినాయక ఘాట్ వైపు ట్రాక్టర్లు పోతుంటే "అలవాటు కావాలప్పా" అని చికెన్ పట్టుకుని కుక్కని ఆ డప్పుల మధ్యకి తీసుకుపోయేవాళ్లని చూసినా. అలవాటు కాదు. నోట్లో ముక్క ఉంటుంది, తోక కడుపు కిందికి పోయి ఉంటుంది, మరుసటి రోజు నుంచి గేటు దాటదు. ఇప్పటి నుంచే ఫోన్‌లో డప్పుల చప్పుడు, టపాకాయల చప్పుడు చెవిలో గుసగుసంత సౌండ్‌తో పెట్టండి, చప్పుడు వచ్చిన తర్వాత ముక్క, చప్పుడు ఆగితే ముక్కలూ ఆపేయండి. చెవులు వెనక్కి పోయినాయంటే సౌండ్ తగ్గించండి. పండగ వారంలోకి వచ్చి మొదలుపెడితే లాభం లేదు, అప్పుడింక నేర్పడం ఆపి దాచడం చూడండి.

ఇంక వరసగా చెప్తా, కొన్నిటికి కారణం అడగొద్దు, చేయండి.

- గుర్రుమంటే కొట్టొద్దు, అరవొద్దు. గుర్రుమనడం ఆపిస్తే రేపు చెప్పకుండా కరుస్తుంది.
- పెదాలు నాక్కోవడం, నిద్ర లేకపోయినా ఆవులించడం, కంటి తెల్లగుడ్డు కనపడేలా పక్కకి చూడ్డం, ఒక కాలు ఎత్తి పట్టుకోవడం, ఇవన్నీ "వద్దు" అనే. ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుపోయిందంటే ఆఖరి హెచ్చరిక, చెయ్యి వెనక్కి తీసుకోండి.
- పదేళ్ల లోపు పిల్లోళ్లని, కుక్కని ఒకే గదిలో పెద్దోళ్లు లేకుండా వదలొద్దు. పెద్దోళ్లు ఉండడమంటే టీవీ చూస్తూ ఉండడం కాదు.
- చుట్టాలకి వాకిట్లోనే చెప్పేయండి: చూడొద్దు, పిలవొద్దు, ముట్టుకోవద్దు. ఏమన్నా అనుకుంటే అనుకోనీండి.
- "నాకు కుక్కలంటే చానా ఇష్టం, నా దగ్గరికి అన్నీ వస్తాయి" అనే పెద్దమనిషిని అందరికన్నా దూరంగా కూర్చోబెట్టండి.
- ముక్క చేత్తో పెట్టనీయొద్దు. మళ్లీ చెప్తున్నా, కొత్తవాళ్లని ముక్క చేత్తో పెట్టనీయొద్దు, కింద, కుక్క వెనక్కి విసరాలి.
- మంచం కింద దూరిన కుక్కని బయటికి లాగొద్దు. ముక్క చూపించి కూడా లాగొద్దు, అదీ లాగడమే.
- భయపడినప్పుడు ఓదారిస్తే భయం పెరుగుతుందనేది వట్టి మాట. మీ ఒళ్లోకి వస్తే పట్టుకోండి.
- దీపావళి సాయంత్రం చీకటి పడకముందే బయట తిప్పి తీసుకురండి. కాలర్‌తో పాటు హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) కూడా వేసి, రెండింటికీ లీష్ తగిలించండి, పిరికి కుక్క వెనక్కి గుంజితే కాలర్ తలమీదుగా ఇట్టే వచ్చేస్తుంది.
- కాలర్ మీద మీ ఫోన్ నంబర్ ఉండాల. ఈ రోజే రాయండి.
- మిద్దె మీద గొలుసుతో కట్టేయొద్దు. కిటికీలు మూసిన లోపలి గది, ఫ్యానో కూలరో పెద్దగా తిరుగుతూ, దాని పాత దుప్పటి.
- మనుషుల నిద్రమాత్రలు వద్దు. మందు కావాలంటే పశువుల డాక్టర్‌ని పండగకి ముందే కలవండి, ఆ రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే ఎవరూ దొరకరు.
- రోజుకి ఐదు నిమిషాల ట్రైనింగ్ చాలు. ఇంకొంచెం చేస్తుందిలే అనుకున్న చోటే ఆపేయండి.
- కరిస్తే కుక్క సంగతి తర్వాత. గాయాన్ని కొళాయి నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, గడియారం చూసి. పసుపు వద్దు, కారం వద్దు, సున్నం వద్దు. అదే రోజు ఆసుపత్రికి పోండి. రేబిస్ టీకా రోజుల లెక్కన వేస్తారు, పండ్లు దిగి చర్మం తెగి రక్తమొస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు కాపాడే ఇంజెక్షన్) కూడా కావాల, అడగండి. "మన ఇంటి కుక్కే కదా, టీకా వేయించినాం కదా" అని ఇంట్లో కూర్చోవద్దు.
- తప్పించుకుపోతే వీధి వీధంతా వెంట పడొద్దు, తరిమినకొద్దీ బళ్లారి చౌరస్తా దాకా పోతుంది. పేరు పెట్టి అరవొద్దు. ఇంట్లో ఒక్కరే పోవాలి, కనపడితే నిలబడి ఎదురుగా చూడకుండా పక్కకి తిరిగి కింద కూర్చోవాలి, ముక్కలు మీ దగ్గరికి కాదు, దాని దగ్గరికి విసరాలి. దొరక్కపోతే గేటు తీసిపెట్టి, దాని దుప్పటి గేటు లోపల పరిచి, తెల్లవారుజామున నాలుగుకి, వీధి సద్దుమణిగినాక మళ్లీ పోండి, ఎక్కువగా ఆ చుట్టుపక్కల ఏ కారు కిందో ఉంటుంది.