పీహెచ్‌పీ పాఠం 9: ఆటోలోడ్ సర్వర్‌లో ఎందుకు ఆగింది?

పోయిన పాఠం చూసి ఆటోలోడ్ (క్లాస్ అవసరమైనప్పుడు దాని ఫైల్‌ని తనంతట తానే తెచ్చే కోడ్) రాసుకున్నవాళ్లలో చాలామందికి ఒకటే ఇబ్బంది వచ్చింది. ల్యాప్‌టాప్‌లో అన్నీ నడిచాయి, సర్వర్‌కి ఎక్కించగానే "క్లాస్ నాట్ ఫౌండ్" అని ఫేటల్ ఎర్రర్. అందుకే కంపోజర్ (పీహెచ్‌పీ లైబ్రరీలు తెచ్చిపెట్టే టూల్) పాఠాన్ని వచ్చేసారికి జరిపాను. నేమ్‌స్పేస్ రాయడం మీకు వచ్చు, దాని జోలికి పోను.

ఒక సంగతి గట్టిగా పట్టుకోండి: ఫైల్‌ని వెతికేది పీహెచ్‌పీ కాదు, మీ ఫంక్షన్. తనకి తెలియని క్లాస్ పేరు తగిలితే, పీహెచ్‌పీ ఎస్‌పీఎల్ ఆటోలోడ్ రిజిస్టర్‌కి మీరిచ్చిన ఫంక్షన్‌ని పిలిచి, ఆ పేరు అందిస్తుంది. నేమ్‌స్పేస్‌తో కలిపిన పూర్తి పేరు, మీరు రాసిన పెద్ద, చిన్న అక్షరాలు మారకుండా. బ్యాక్‌స్లాష్‌లని స్లాష్‌లు చేసి, చివర డాట్ పీహెచ్‌పీ తగిలించి దారి కట్టేది మీరే.

ఇప్పుడు అసలు చిక్కు. ఫైల్ పేరు క్యాపిటల్ ఐతో ఇన్వాయిస్. కోడ్‌లో మీరు స్మాల్ ఐతో న్యూ ఇన్వాయిస్ అన్నారు. విండోస్ ఈ తేడా పట్టించుకోదు, మ్యాక్ కూడా మామూలుగా పట్టించుకోదు. లైనక్స్‌కి అవి రెండు వేరు ఫైళ్లు. మన లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు కాబట్టి ఈ తేడా మన కంటికి తొందరగా ఆనదు.

ఇంకా బాధపెట్టేది ఇది: పీహెచ్‌పీ లోపల క్లాస్ పేర్లకి ఈ పట్టింపు లేదు. పైన ఎక్కడో సరైన స్పెల్లింగ్‌తో క్లాస్ ఒకసారి లోడ్ అయిపోయి ఉంటే, కింద స్మాల్ ఐతో రాసినా నడిచిపోతుంది. ఆటోలోడ్‌ని పిలిచే పనే పడదు. అందుకే బిల్లుల పేజీ తెరుచుకుంటుంది, రిపోర్ట్ పేజీ పడిపోతుంది. ఒకసారి నేను ఇలాగే రాత్రంతా పర్మిషన్లు, పాత్‌లు తిరగేశాను. తప్పు ఒక్క అక్షరంలో ఉంది.

సరే అని విండోస్‌లో ఫైల్ పేరు మార్చి గిట్‌లో కమిట్ చేస్తే? చాలాసార్లు ఆ మార్పు గిట్ లెక్కలోకే రాదు, సర్వర్‌కి పాత పేరే వెళ్తుంది. గిట్ ఎంవీతో ముందు వేరే పేరు పెట్టి, మళ్లీ సరైన పేరుకి మార్చండి. తర్వాత గిట్ ఎల్ఎస్ ఫైల్స్ కొట్టి, గిట్ దగ్గరున్న పేరేంటో కళ్లారా చూసుకోండి. ఫోల్డర్లకీ ఇదే మాట: నేమ్‌స్పేస్‌లో క్యాపిటల్ ఎం ఉంటే మోడల్స్ ఫోల్డర్‌కీ క్యాపిటల్ ఎం ఉండాలి.

నా అలవాటు: దారి ఎప్పుడూ డిర్ కాన్‌స్టంట్‌తోనే (ఆ కోడ్ ఫైల్ ఉన్న ఫోల్డర్ దారి) మొదలు. ఫైల్ లేకపోతే డై అని ప్రోగ్రామ్‌ని ఆపేయను, ఊరికే రిటర్న్ అయిపోతాను. అప్పుడే వరసలో ఉన్న ఇంకో లోడర్‌కి అవకాశం దొరుకుతుంది.

పాత ట్యుటోరియల్‌లో రెండు అండర్‌స్కోర్ల ఆటోలోడ్ ఫంక్షన్ కనిపిస్తే వదిలేయండి. 2020లో వచ్చిన 8.0లో దాన్ని తీసేశారు.

అభ్యాసం: కంపోజర్ లేకుండా, రెండు నేమ్‌స్పేస్‌లని రెండు వేర్వేరు ఫోల్డర్లకి కలిపే లోడర్ రాయండి. కట్టిన ప్రతి దారినీ ఎర్రర్ లాగ్‌లో పడేయండి. లైనక్స్‌లోనే నడపండి, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లైనక్స్ నడిపేది) అయితే దాని హోమ్ ఫోల్డర్‌లో, సీ డ్రైవ్‌లో కాదు. తర్వాత ఒక్క అక్షరం కావాలని చెడగొట్టి, లాగ్ మాత్రమే చూసి తప్పు పట్టుకోండి.