తక్కువ ధర సీడీ ప్లేయర్ ధ్వని నాణ్యతను ఇంట్లోనే కొలవడం ఎలా?

సీడీ ప్లేయర్ బాగా మోగుతోందో లేదో చెవి చెబుతుంది గాని, లోపం ఎక్కడుందో కొలత చెబుతుంది. ఈ పనికి ప్రయోగశాల అక్కర లేదు. లాప్‌టాప్, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా రికార్డు చేసే లైన్ ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్ద సంకేతాన్ని కంప్యూటరుకు అంకెలుగా అందించే పెట్టె), మామూలు మల్టీమీటరు, రెండు ఖాళీ సీడీలు ఉంటే చాలు. సాఫ్ట్‌వేర్‌గా, శబ్దాలను తయారు చేసి రికార్డు చేసే ఆడాసిటీ, వాటిని కొలిచే ఆర్‌ఈడబ్ల్యూ (REW) రెండూ ఉచితంగానే దొరుకుతాయి. డిస్కు తిప్పే డీవీడీ ప్లేయర్‌నైనా ఇదే పద్ధతిలో కొలవవచ్చు.

ముందుగా ప్లేయర్ వెనుక ఉన్న ఎరుపు, తెలుపు సాకెట్లను చూడండి. విశాఖలో, అందులోనూ లాసన్స్ బే కాలనీ వంటి తీరపు పేటల్లో, ఉప్పుగాలికి వాటి మీద పచ్చని చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి, పిన్నును నాలుగైదుసార్లు తిప్పి పెట్టాలి. ఈ పని మానేస్తే ఒక ఛానెల్ బలహీనంగా కనబడి, ప్లేయర్‌లో లేని జబ్బును మీరే కనిపెట్టినట్లవుతుంది.

తర్వాత పరీక్ష డిస్కు తయారు చేసుకోవాలి. ఆడాసిటీలో ప్రాజెక్టు రేటును 44,100 హెర్ట్జ్‌కు పెట్టి, నాణ్యత సెట్టింగుల్లో డిథర్ (అంకెలను 16 బిట్లకు కుదించడంలో వచ్చే తప్పులను కప్పిపుచ్చే సన్నని రొద) రకాన్ని ట్రయాంగిల్‌కు మార్చి, ఒక్కొక్కటి ఒక నిమిషం ఉండేలా ఈ సైన్ టోన్లను 16 బిట్ స్టీరియో వేవ్ ఫైళ్లుగా దాచుకోండి: 0.98 ఆంప్లిట్యూడ్‌తో 100 హెర్ట్జ్, అదే స్థాయిలో 997 హెర్ట్జ్, 0.001 ఆంప్లిట్యూడ్‌తో, అంటే 60 డెసిబెల్స్ తక్కువలో, మళ్లీ 997, ఎడమ ఛానెల్‌లో మాత్రమే 997, ఆపైన సగం స్థాయిలో 20, 10,000, 19,000, 20,000 హెర్ట్జ్. గుండ్రంగా వెయ్యి పెట్టకుండా 997 ఎందుకంటే, వెయ్యి హెర్ట్జ్ తరంగం ప్రతి 441 శాంపిళ్లకూ అవే అంకెలను వల్లె వేస్తుంది. 997 మాత్రం 44,100 శాంపిళ్లు గడిచేదాకా మొదటికి రాదు కనుక, అంకెలను శబ్ద సంకేతంగా మార్చే కన్వర్టర్‌ను చాలా ఎక్కువ అంకెల దగ్గర పరీక్షిస్తుంది. డిస్కును డేటా సీడీగా కాక ఆడియో సీడీగా, తక్కువ వేగంలో రాయాలి.

ఇక అందరూ దాటవేసే మెట్టు ఇది: ముందు కొలిచేదాన్నే కొలవాలి. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కలిపి, ఆర్‌ఈడబ్ల్యూ పుట్టించే టోన్‌తో దాని సొంత వక్రీకరణను (టోన్ రూపు చెడడాన్ని), రొదను రాసి పెట్టుకోండి. ఆ రొద ప్లేయర్ రొదతో సమానంగా ఉంటే మీ ఫలితం 3 డెసిబెల్స్ మేర తప్పుతుంది. కనీసం 10 డెసిబెల్స్ మెరుగ్గా ఉంటేనే ఆ అంకెను నమ్మవచ్చు.

ఇప్పుడు ప్లేయర్‌లో 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటరును ఏసీ వోల్టుల్లో ఉంచి, ఒక్కొక్క సాకెట్ దగ్గర కొలవండి. చౌక మీటర్లు వెయ్యి హెర్ట్జ్ దగ్గర తప్పు చూపవచ్చు కాబట్టే ఈ కొలతకు తక్కువ ఫ్రీక్వెన్సీ. 2 వోల్టుల దగ్గర, రెండు ఛానెళ్లలో దాదాపు ఒకే విలువ రావాలి. ఆ తర్వాత కేబుల్‌ను ఇంటర్‌ఫేస్‌కు మార్చి, రికార్డింగ్ మీటరు గరిష్ఠానికి 3 నుంచి 6 డెసిబెల్స్ కిందుండేలా ఇంటర్‌ఫేస్ గెయిన్ (ఇన్‌పుట్ బలాన్ని పెంచే మీట) సర్ది, ఇక దాన్ని ముట్టుకోవద్దు.

నా మొదటి కొలతలో, ఆర్‌ఈడబ్ల్యూ గీసిన ఫ్రీక్వెన్సీ గ్రాఫులో 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర మేకులు దిగగొట్టినట్లు గీతలు నిలబడ్డాయి. ట్రాన్స్‌ఫార్మరే దోషి అని రెండు సాయంత్రాలు నమ్మాక, లాప్‌టాప్ ఛార్జరు పీకగానే అవి దాదాపు మాయమయ్యాయి. ప్లేయర్‌కు, ఛార్జరుకు మధ్య ఎర్త్ ద్వారా ఏర్పడిన వలయమే అసలు కారణం. అందుచేత కొలిచేటప్పుడు లాప్‌టాప్‌ను బ్యాటరీ మీదే నడపాలి. అలా చేశాక కూడా, 997 టోన్ మోగుతుండగా 100 హెర్ట్జ్ గీత మిగిలితే ప్లేయర్ విద్యుత్ సరఫరాలోని కెపాసిటర్లు ఎండిపోయాయేమో అనుమానించవచ్చు.

997 హెర్ట్జ్ టోన్‌ను పూర్తి స్థాయిలో మోగించి, ఆర్‌ఈడబ్ల్యూలో 20 నుంచి 20,000 హెర్ట్జ్ పరిధిలో మొత్తం వక్రీకరణ, రొదల విలువను రాసుకోండి. తర్వాత 60 డెసిబెల్స్ తక్కువ ట్రాక్ పెట్టి అదే విలువను చూడాలి: రొద ఆ టోన్ కంటే 33 డెసిబెల్స్ కిందుంటే, దానికి 60 కలిపితే వచ్చే 93 డెసిబెల్సే డైనమిక్ రేంజ్, అంటే గరిష్ఠ శబ్దానికీ రొదకూ మధ్య దూరం. డిథర్ కలిపిన 16 బిట్ డిస్కుకు సిద్ధాంతపరమైన హద్దు కూడా దాదాపు అంతే. అట్టపెట్టె మీద 100కు పైబడిన అంకె కనబడితే, చాలా ప్లేయర్లు పూర్తి నిశ్శబ్దంలో అవుట్‌పుట్‌ను మూసేస్తాయని, ఆ మూసిన స్థితిలో కొలిస్తే రొద అసలు కంటే తక్కువగా కనబడుతుందని గుర్తు పెట్టుకోండి.

ఎడమ ట్రాక్ మోగుతుండగా కుడి ఛానెల్‌లో చొరబడిన శబ్దాన్ని చూస్తే ఛానెళ్ల వేర్పాటు తెలుస్తుంది. 20, 10,000, 20,000 టోన్ల స్థాయిలను పోల్చితే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ తేలుతుంది. 19,000 టోన్‌ను 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే, ఫిల్టరు బలహీనమైన ప్లేయర్లలో 25,100 హెర్ట్జ్ దగ్గర (44,100లోంచి 19,000 తీసేస్తే వచ్చేది) దాని నీడ పడుతుంది. అది చెవికి వినబడదు గాని, తయారీదారు ఎక్కడ పొదుపు చేశాడో చూపిస్తుంది.

గ్రాఫులో అప్పుడప్పుడు టిక్కుమన్న చప్పుడు కనబడితే ట్రాక్‌ను మరోసారి మోగించండి. అదే సెకను దగ్గర వస్తే తప్పు డిస్కుది. చోటు మారుతుంటే లేజర్ కటకాన్ని శుభ్రం చేసి, కొలతను మళ్లీ మొదలుపెట్టాలి.