ఐదు తరగతుల హైస్కూల్‌కి టైంటేబుల్ వేయడం ఎలా

జూన్‌లో బడి తెరిచిన వారానికే టైంటేబుల్ గోడకెక్కాలి. ఎన్నిసార్లు చెరిపి రాసినా కుదరట్లేదంటే గళ్లను తిట్టుకోవద్దు. అసలు చిక్కు చాలాసార్లు సబ్జెక్టుల పంపకంలోనే ఉంటుంది. అందుకే చార్టు జోలికి పోకముందు తెల్లకాగితం మీద లెక్క తేల్చుకోవాలి.

ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌నే తీసుకుందాం. 6 నుంచి 10 వరకు తరగతికి ఒక్కటే సెక్షన్. రోజుకి 8 పీరియడ్లు, ఆరు రోజులు. అంటే తరగతికి 48, బడి మొత్తానికి 240. స్టాఫ్‌లో తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్‌కి ఒక్కొక్కరు, ఒక పీఈటీ (ఆటల టీచరు), పైన హెచ్‌ఎం (హెడ్‌మాస్టరు). పీరియడ్లు ఇలా వేసుకోవచ్చు:

6, 7 తరగతులకు: తెలుగు 7, హిందీ 4, ఇంగ్లీషు 7, లెక్కలు 8, జనరల్ సైన్స్ 7, సోషల్ 6, ఆటలు 4, మిగతావి 5.
8, 9, 10 తరగతులకు: తెలుగు 6, హిందీ 4, ఇంగ్లీషు 7, లెక్కలు 8, ఫిజికల్ సైన్స్ 5, బయాలజీ 5, సోషల్ 7, ఆటలు 3, మిగతావి 3.

మిగతావి అంటే లైబ్రరీ, డ్రాయింగ్, నీతివిద్య, పని విద్య లాంటివి. శాఖ నుంచి ఆ ఏడాది వచ్చిన ఉత్తర్వుల్లో అంకెలు వేరేగా ఉంటే వాటినే పట్టుకోండి. లెక్కేసే పద్ధతి ఇదే.

ఇప్పుడు ఒక్కో టీచరు బరువు కూడండి. లెక్కల సారుకి ఐదు తరగతులూ ఇస్తే 40 పీరియడ్లు. అది మనిషి చేసే పని కాదు, నోటుపుస్తకాలు దిద్దడానికి గంట కూడా మిగలదు. అటు ఫిజికల్ సైన్స్‌కి చూస్తే 15 మాత్రమే. అందుకే చాలా బడుల్లో 6, 7 లెక్కలు ఫిజికల్ సైన్స్ టీచరుకి, అవే తరగతుల జనరల్ సైన్స్ బయాలజీ టీచరుకి ఇస్తారు. అప్పుడు లెక్కలు 24, ఫిజికల్ సైన్స్ 31, బయాలజీ 29 అవుతాయి. తెలుగు 32, సోషల్ 33, హిందీ 20, ఆటలు 17. ఇంగ్లీషుకి 35 పడుతుంది కాబట్టి, హెచ్‌ఎంకి ఇంగ్లీషు వస్తే 6వ తరగతి ఆయనకే ఇస్తే 28కి దిగుతుంది. మిగతావి మొత్తం 19. వీటిలో హిందీకి 8, పీఈటీకి 6, లెక్కల సారుకి 5 సర్దండి. ఈ 19 పంచేటప్పుడే స్టాఫ్‌రూమ్‌లో ముఖాలు మాడతాయి. కూడిక వేసిన కాగితాన్ని అందరి ముందూ పెడితే గొడవ సగం అక్కడే ఆగిపోతుంది.

ఇక క్లాస్ టీచర్లు. హాజరు వేసేవాళ్లకి రోజూ మొదటి పీరియడ్ ఆ తరగతిలోనే ఉండాలి, అంటే అక్కడ కనీసం 6 పీరియడ్లు ఉండాలి. హిందీకి 4, పై తరగతుల్లో సైన్సులకి 5 చొప్పునే ఉన్నాయి కాబట్టి వాళ్లు అక్కడ పనికిరారు. 6కి బయాలజీ, 7కి ఫిజికల్ సైన్స్, 8కి ఇంగ్లీషు, 9కి సోషల్, 10కి లెక్కలు లేదా తెలుగు సరిపోతాయి. బస్సు ఆలస్యమయ్యే ఊళ్ల పిల్లలు ఎక్కువగా ఉంటే 10కి తెలుగు టీచరునే పెట్టండి. లేకపోతే ఆ పిల్లలకి ఏడాది పొడవునా పోయేది లెక్కలే.

గళ్లు నింపడం ఇక్కడ మొదలవుతుంది. పెన్సిల్‌తోనే రాయాలి. మొదటి పీరియడ్లు క్లాస్ టీచర్లకి వేశాక కదలనివి వేయండి: సైన్స్ ల్యాబ్‌కి వరస రెండు పీరియడ్లు, ఆటలు. ల్యాబ్ రెండు పీరియడ్ల మధ్యలో భోజనం బెల్లు రాకూడదు. వస్తే అమర్చిన సామాను అలాగే వదిలి పిల్లలు పళ్లేలకి పరిగెడతారు, తిరిగి వచ్చాక ప్రయోగం మళ్లీ మొదటికి. ఆటలకి రోజూ 7వ, 8వ పీరియడ్లు ఇస్తే 12 అయిపోతాయి, తక్కిన 5 పొద్దున రెండో పీరియడ్లో వేయొచ్చు. భోజనం కాగానే మాత్రం వద్దు.

తర్వాత బరువు ఎక్కువున్న టీచరు నుంచి తక్కువున్నవాళ్లకి దిగుతూ రండి: సోషల్, తెలుగు, ఫిజికల్ సైన్స్, అలా చివరికి హిందీ. సోషల్‌ని చివరికి వదిలితే ఏమవుతుందో చూడండి. శనివారం 6వ పీరియడ్లో 8కీ 9కీ ఒకేసారి సోషల్ మిగులుతుంది, టీచరు ఒక్కరే. విడదీయాలంటే 9వ తరగతిలో గురువారం 3వ పీరియడ్ హిందీని శనివారానికి తెచ్చి, సోషల్‌ని గురువారానికి పంపాలి. దానికి హిందీ టీచరు శనివారం 6లో, సోషల్ టీచరు గురువారం 3లో ఖాళీగా ఉండాలి. ఒక్కరు ఖాళీగా లేకపోయినా మూడో గడి కదలాలి. ఎవరి గడులు పలచగా ఉంటే వాళ్లని సులువుగా జరపొచ్చు, హిందీని ఆఖరున పెట్టేది అందుకే.

శనివారం గడిలో ఇంకో మెలిక. రెండో శనివారం సెలవు కాబట్టి వారానికి 4 పీరియడ్లే ఉన్న హిందీకి ఆ రోజు ఒక్కటి కూడా పెట్టకపోవడం మేలు.

అయ్యాక అడ్డంగానూ నిలువుగానూ తనిఖీ చేయండి. ఒక పీరియడ్లో ఒక పేరు రెండుసార్లు ఉండకూడదు. ఎవరికీ వరసగా మూడు పీరియడ్లు దాటకూడదు, నాలుగో దానికి గొంతు లేవదు. ఎనిమిది మందికి ఐదు తరగతులు కాబట్టి ప్రతి పీరియడ్లో కనీసం ముగ్గురు లీజర్‌లో, అంటే ఖాళీగా, ఉంటారు. సీఎల్ (క్యాజువల్ లీవు), ఓడీ (బయట డ్యూటీ) కలిపి ముగ్గురు రాకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చు. నాలుగో మనిషి కూడా రాకపోతే, హెచ్‌ఎం ఒక తరగతిలోకి వెళ్తే తప్ప రెండు తరగతులు ఒకే గదిలో కూర్చోవాల్సిందే.

సర్దుబాటు పీరియడ్, అంటే రాని టీచరు పీరియడ్, ఆ తరగతికి పాఠం చెప్పే టీచరుకే ఇవ్వండి, సిలబస్ ముందుకి జరుగుతుంది. ఎవరికి ఎన్నిసార్లు పడిందో సర్దుబాటు రిజిస్టరులో రాయించి సంతకం తీసుకోండి. అది లేని బడిలో బరువంతా అడగ్గానే కాదనలేని ఇద్దరి మీదే పడుతుంది.