సినిమా చదవడం నేర్చుకుందాం – 6: కంచె ఎవరికి పనికొచ్చింది?

పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలిస్తే పుట్టే ఉత్కంఠ గురించి పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఐరనీ, అంటే అనుకున్నదానికి సరిగ్గా తలకిందులుగా జరగడంలోని వెక్కిరింత. దాన్ని డైలాగుల్లో వెతకడం మనకు అలవాటు. ముందు వస్తువుల్లో వెతకండి.

ఫిలిప్ నోయ్స్ తీసిన 'రాబిట్-ప్రూఫ్ ఫెన్స్' (2002) తీసుకుందాం. 1931, పశ్చిమ ఆస్ట్రేలియాలోని జిగలాంగ్. మోలీ, చెల్లెలు డెయిజీ, వరసకు చెల్లెలైన గ్రేసీ అబోరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసీ) తల్లులకూ తెల్ల తండ్రులకూ పుట్టిన పిల్లలు. అందుకే ప్రభుత్వం వాళ్లను తల్లుల చేతుల్లోంచి లాక్కెళ్లి, పెర్త్‌కు ఉత్తరాన మూర్ రివర్ శిబిరంలో పెడుతుంది. ముగ్గురూ పారిపోయి, కుందేళ్ల కంచె వెంబడి ఇంటిదారి పడతారు. గ్రేసీ మధ్యలో దొరికిపోతుంది.

ఏ వస్తువైనా తెర మీద పదేపదే కనబడితే రెండు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని ఎవరు, ఎందుకు కట్టారు? ఇప్పుడు ఎవరికి పనికొస్తోంది?

ఆ ఖండానికి కుందేళ్లను తెచ్చింది తెల్లవాళ్లే. అవి మీద పడుతుంటే 1901–1907 మధ్య కంచె కట్టిందీ వాళ్లే. కుందేళ్లు ఆగలేదు, పిల్లలకు మాత్రం దారి దొరికింది. ఇంతవరకు ఎవరైనా చెప్పేస్తారు. ఇంకో అడుగు వేయండి. పిల్లలు కంచె పట్టుకుని వెళ్తున్నారని తెలియగానే, వాళ్లను ఎక్కడ కాపు కాయాలో కూడా అధికారి నెవిల్‌కు తెలిసిపోతుంది. దారి చూపిన కంచే ఆచూకీ కూడా చెప్పేసింది.

పిల్లలు కంచె చేరి తీగ పట్టుకునే షాట్ దగ్గర ఆపి చూడండి. దాని పక్కనే, ఎక్కడో ఉత్తరాన అదే కంచె తీగ మీద చెయ్యి వేసిన అమ్మ. ఎడిటింగే అంతా చెప్పేసింది.

నెవిల్ హోదా 'ఆదివాసుల ప్రధాన సంరక్షకుడు'. కంచే చేను మేసిందని మనకు ఇట్టే తడుతుంది. కానీ అది పైపై ఐరనీ. కెన్నెత్ బ్రానా అతణ్ణి, మేలు చేస్తున్నానని మనసారా నమ్మే ఆఫీసరుగా నటించాడు. పళ్లు కొరికే విలన్‌ని చేసి ఉంటే (మన సినిమాల్లో తరచూ జరిగేది అదేగా!) ఐరనీ అక్కడే చచ్చేది.

అభ్యాసం: పిల్లల జాడలు తీసే 'మూడూ' (Moodoo) అనే పాత్రను చూడండి. వేసింది డేవిడ్ గల్పిలిల్. 'మూడూ' కూడా ఆదివాసే, అతని కూతురు అదే శిబిరంలో ఉంది. అతను వచ్చే ప్రతి సీన్‌కీ రెండు వాక్యాలు రాయండి: దొరలతో ఏమన్నాడు, ముఖం ఏమంది. వచ్చే పాఠంలో ముగింపు. పెద్దయ్యాక మోలీని ఇద్దరు కూతుళ్లతో సహా మళ్లీ ఆ శిబిరానికే తీసుకెళ్లారని తెలిశాక, మొదటి సీన్లు ఎలా మారిపోతాయో చూద్దాం.