వీధిలో లోపం కనిపిస్తే ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

విద్యుత్ శాఖలో లైన్‌ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి విరమణ పొందాను. ఇప్పుడు హైదరాబాద్‌ రామంతాపూర్‌లో మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున వీధి పనులు చూస్తున్నాను. ఉద్యోగమంతా ఫిర్యాదులు అందుకునే వైపు గడిపినవాణ్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను: చాలా ఫిర్యాదులు సరిగా రాయకపోవడం వల్లే మొదటి మెట్టు దగ్గర ఆగిపోతాయి. ‘మా వీధిలో లైట్లు వెలగడం లేదు’ అని రాస్తారు. ఏ వీధి, ఎన్ని లైట్లు, ఏ స్తంభం అన్నది ఉండదు. సిబ్బంది పగటిపూట వచ్చి, ఏ దీపం చెడిపోయిందో తేలక తిరిగి వెళ్లిపోతారు. కాగితం మీద మాత్రం ఫిర్యాదు ముగిసినట్టే ఉంటుంది.

అందుకే ముందు నడవండి. చీకటి పడిన తర్వాత ఒక పుస్తకం, ఫోను పట్టుకుని వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లండి. వానాకాలం మొదలయ్యే ముందు పగటిపూట మరోసారి తిరగండి. ఆ వీధిలో చాలా ఏళ్లుగా ఉంటున్న పెద్దావిడను ఎవరినైనా తోడు తీసుకెళ్లడం మంచిది. వాననీళ్లు ఎటు పారతాయో, ఏ మలుపు దగ్గర ఆడపిల్లలు బిక్కుబిక్కుమంటూ నడుస్తారో ఆమెకు తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు.

వీధి దీపాల విషయంలో కాస్త పరిశీలించి రాస్తే మరమ్మతు తొందరగా అవుతుంది. అటూ ఇటూ దీపాలు వెలుగుతూ మధ్యలో ఒక్కటే ఆరిపోతే లోపం ఆ దీపంలోనో దానికి వెళ్లే తీగలోనో ఉంటుంది. వరుసంతా చీకటైతే స్విచ్ పెట్టెలోనో టైమర్‌లోనో చూడాలి, లేదా ఒక ఫేజు (సరఫరా తెచ్చే మూడు తీగల్లో ఒకటి) పోయి ఉండాలి. పట్టపగలు వెలుగుతున్నా టైమర్‌ వైపే చూడాలి. దీపం రెపరెపలాడుతుంటే ఎక్కడో అతుకు వదులైందేమో అనుమానించాలి. ఈ తేడా రాస్తే వచ్చే మనిషి తగిన సామాను వెంట తెచ్చుకుంటాడు. ఫిర్యాదు ఇలా ఉండాలి: ‘ఫలానా వీధి, రేషన్ దుకాణం ఎదురుగా, స్తంభం నంబరు ఇది. నిన్న రాత్రి నుంచి దీపం వెలగడం లేదు. రెండు పక్కల దీపాలూ వెలుగుతున్నాయి.’ స్తంభం మీద నంబరు చెరిగిపోతే దగ్గర్లోని ఇంటి నంబరు రాయండి. ఫోటోలు రెండు తీయండి. ఒకటి దగ్గర నుంచి, మరొకటి దుకాణమో గుడో కనిపించేలా దూరం నుంచి. రెండోది లేకపోతే మొదటిదానితో చోటు పట్టుకోవడం కష్టం.

ఏ పని ఎవరిదో తెలియక జనం తిరగని కార్యాలయం ఉండదు. వీధి దీపాలు, రోడ్డు గుంతలు, చెత్త, దోమలు, వాననీటి కాలువలు జీహెచ్‌ఎంసీ (నగరపాలక సంస్థ) పని. 040-21111111కు ఫోను చేయండి, లేదా వాళ్ల యాప్‌లో ఫోటోతో పెట్టండి. తాగునీరు, మురుగునీటి పైపులు, మ్యాన్‌హోళ్లు జలమండలివి, నంబరు 155313. ఇళ్లలోనూ కరెంటు పోయినా, తీగలు వేలాడుతున్నా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిప్పురవ్వలు రాలినా విద్యుత్ సంస్థ నంబరు 1912. ప్రాణాపాయం అనిపిస్తే ఇవేవీ ఆలోచించకుండా 112. ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో రాయించి కిరాణా కొట్టు దగ్గర, గుడి దగ్గర అతికించండి. మా కాలనీలో వాటిని చూసి ఎక్కువగా ఫోన్లు చేసేది ఇళ్లలో పనికి వచ్చే అమ్మలు, కాపలాదారులే. తెల్లవారకముందే రోడ్డు మీద ఉండేది వాళ్లే కదా.

కరెంటు గురించి ఇంకాస్త చెప్పాలి. వానలో స్తంభాన్ని గానీ, దాన్ని నేలకు లాగి కట్టిన స్టే వైరును గానీ ఎవరూ తాకకూడదు. స్తంభానికి బట్టలు ఆరేసే ఇనుప తీగ కట్టి ఉంటే ఇంటివాళ్లకు నచ్చజెప్పి విప్పించండి. పశువులను కట్టనివ్వకండి. తీగ తెగి నేల మీద పడితే కనీసం పది మీటర్ల దూరం పాటించండి. అప్పటికే దగ్గర్లో ఉంటే పెద్ద అంగలు వేయకుండా, పాదాలు నేల మీద నుంచి ఎత్తకుండా చిన్న చిన్నగా జరుపుతూ బయటికి రండి, తడి నేలలోనూ కరెంటు పాకుతుంది. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే చేత్తో లాగకండి. సరఫరా ఆపించడమే ముందు చేయాల్సిన పని.

2025 ఆగస్టులో మా రామంతాపూర్‌లోనే కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. గణేశ్ మండపం వేసేవాళ్లను, బోనాల ఊరేగింపు తీసేవాళ్లను చేతులు జోడించి కోరుతున్నాను. విగ్రహం ఎత్తు ఖాయం చేయకముందే అది వెళ్లే దారంతా లైన్‌మన్‌తో కలిసి నడవండి. విగ్రహాన్ని వాహనం మీద ఎక్కించాక నేల నుంచి మొత్తం ఎత్తు ఎంతో లెక్కవేసి, దారిలో అన్నిటికన్నా కిందికి జారిన తీగ ఎక్కడుందో చూడండి. వేలాడే కేబుళ్లలో ఏది ప్రమాదకరమో, ఏది కాదో కింద నుంచి చూసి చెప్పలేం. కర్రతో ఎత్తి పట్టుకుంటే సరిపోతుందని కుర్రాళ్లు అంటారు. ఆ పని ఎవరినీ చేయనివ్వకండి.

ఇక నీళ్లు. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఈ నగరాన్ని ముంచింది. 2020 అక్టోబరులో కుండపోత వానకు చెరువులు నిండి ఎన్నో కాలనీలు మునిగాయి. చెరువును, నాలాను (వాననీరు, మురుగు పారే పెద్ద కాలువను) వీధివాళ్లు బాగుచేయలేరు గానీ, రోడ్డు పక్క వాననీరు దిగే జాలీలను చూసుకోగలరు. మే నెలలోనే వాటి ఫోటోలు తీసి పూడిక తీయమని ఫిర్యాదు పెట్టండి. తీసిన పూడిక అక్కడే కుప్పగా ఉంటే మొదటి వానకే మళ్లీ లోపలికి జారిపోతుంది. కాబట్టి కుప్ప ఎత్తించేదాకా ఫిర్యాదు ముగిసిందని ఒప్పుకోకండి.

రోడ్డు మీద నీళ్లు నిలిస్తే మ్యాన్‌హోల్ మూత తీసేసే అలవాటు ఉంది. దయచేసి వద్దు. జలమండలి సిబ్బంది తప్ప ఇతరులు మూత తీయడం చట్టప్రకారం నేరం. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాలకోసం బయటికి వెళ్లిన చిన్నారి వాననీటిలో కనిపించని నాలా గుంతలో పడి చనిపోయింది. మూత విరిగిన చోటు కనిపిస్తే ముందు ఎర్రగుడ్డ కట్టిన కొమ్మ పాతి, ఒకరిని కాపలా నిలబెట్టి, అప్పుడు 155313కు ఫోను చేయండి. తగిన రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగు గుంతలోకి మనిషిని దింపి శుభ్రం చేయించడాన్ని కూడా 2013 నాటి చట్టం నిషేధించింది. కూలి ఇస్తున్నాం కదా అని ఎవరినీ దింపకండి.

చెత్త సంగతి అందరికీ తెలిసిందే: తడి వేరు, పొడి వేరు, స్వచ్ఛ ఆటోలోనే వేయాలి. గాజుపెంకులు మాత్రం మందపాటి కాగితంలో చుట్టి ఆటో మనిషికి చెప్పి ఇవ్వండి, వాళ్ల చేతులు తెగుతున్నాయి. డెంగీ దోమ మంచినీటిలోనే పెరుగుతుంది కాబట్టి వారానికోసారి తొట్లు, కూలర్లు ఖాళీ చేయాలి. వంచేస్తే చాలదు, గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి, పీచుతో రుద్దాలి.

సీసీ కెమెరాలకు చందాలు వసూలు చేయడం తేలిక, అవి పనిచేసేలా ఉంచడమే కష్టం. నెలకోసారి రాత్రి దృశ్యాన్ని తెరిచి చూడండి. బండి నంబరు చదవగలుగుతున్నామా, చెట్టుకొమ్మ అడ్డొచ్చిందా, రికార్డింగు నిజంగా నిలవ ఉంటోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. కెమెరా వీధిని చూడాలి గానీ ఎదురింటి వాకిలిని కాదు. పాస్‌వర్డు సంఘం బాధ్యుల్లో ఇద్దరికి తెలిసి ఉండాలి. ఆడపిల్లలను వేధిస్తున్నట్టు తెలిస్తే కెమెరా కోసం ఆగకుండా షీ టీమ్స్ (మహిళల భద్రత చూసే పోలీసు బృందాలు) వాట్సాప్ నంబరు 9490616555కు పంపించండి.

ఫిర్యాదు పెట్టాక వచ్చే నంబరును తేదీతో సహా రాసుకోండి. పని జరగకుండానే ముగించినట్టు సందేశం వస్తే అదే రోజు కొత్త ఫోటోతో మళ్లీ పెట్టండి, పాత నంబరు కూడా పేర్కొనండి. అయినా కదలకపోతే సోమవారం అధికారులు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. మాట మర్యాదగా ఉండాలి. ఎండలో స్తంభమెక్కే మనిషిని నిందిస్తే పని జరగదు, నిర్ణయం తీసుకునేది అతను కాదు. చివరిగా 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ‘ఎందుకు చేయలేదు’ అని అడగకండి. ‘ఈ నంబరు ఫిర్యాదును ఏ తేదీన ఏ అధికారికి పంపారు, తీసుకున్న చర్య నకలు ఇవ్వండి’ అని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి, మొదటి దరఖాస్తు నకలు జతచేసి రాయండి.