సాలార్‌జంగ్ మ్యూజియానికి ఫ్రెండ్‌ను తీసుకెళ్లే ముందు

- శుక్రవారం సెలవు. టికెట్లు, ప్రయాణం అనుకునే ముందే వారం చూసుకోండి. ఊరి నుంచి వచ్చిన మనిషిని గేటు దగ్గర్నుంచి వెనక్కి తిప్పితే ప్రాణం ఉసూరుమంటుంది.

- మెత్తటి చెప్పులు వేసుకోండి. నడక చాలా ఉంటుంది.

- మ్యూజికల్ క్లాక్ దగ్గరికి పది నిమిషాలు ముందే చేరాలి. గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కదా, అప్పుడే జనం ఎక్కువ. చిన్నపిల్లలుంటే చెయ్యి వదలొద్దు.

- ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా శిల్పం దగ్గర తొందరపెట్టకండి. పాలరాతి ముసుగులోంచి ముక్కు, పెదవులు కనిపిస్తాయి. తాకొద్దు, పక్కగా నిలబడి చూడనివ్వండి.

- చెక్కబొమ్మకు ముందువైపు మెఫిస్టోఫిలిస్ (ఫౌస్ట్ అనే జర్మన్ కథలోని దెయ్యం), వెనకవైపు అదే కథలోని అమ్మాయి మార్గరెటా ఉంటారు. ఆమె వెనకున్న అద్దంలో కనిపిస్తుంది. అద్దం చూడకుండా వచ్చేయకండి.

- అన్ని గ్యాలరీలూ ఒక్కరోజులో చూడాలన్న పట్టుదల వద్దు.