పోలీసుల పని గంటలకు చట్టం కావాలంటే: ఒడిశా సరిహద్దు తెలుగువారు ఎవరిని, ఎలా అడగాలి

బరంపురంలో ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లో రాత్రంతా బందోబస్తులో నిలబడిన కానిస్టేబులు, తెల్లవారాక అదే యూనిఫారంతో ముద్దాయిని వెంటబెట్టుకుని కోర్టుకు వెళ్లడం మనకు కొత్త దృశ్యం కాదు. ఆ బాధ అతను బయట చెప్పుకోలేడు. పోలీసు బలగాల హక్కులను పరిమితం చేస్తూ 1966లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, పై అనుమతి లేకుండా పోలీసులు కార్మిక సంఘాల్లో చేరకూడదు, పత్రికలతో మాట్లాడకూడదు. కనుక వారి పని గంటల గురించి, ఖాళీల గురించి, బదిలీల గురించి శాసనసభను అడగవలసిన బాధ్యత బయట ఉన్న మనమీదే పడుతుంది. అడగదలచిన పర్లాకిమిడి, రాయగడ, జయపురం, బరంపురం వాసులకు దారి తెలియాలని ఈ వివరాలు రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది, మీ కోరిక ఏ సభ పరిధిలోకి వస్తుందన్నది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో శాంతిభద్రతలు, పోలీసు రెండూ రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఈ విషయమై ఢిల్లీకి అర్జీలు పంపితే ప్రయోజనం తక్కువ. పోలీసులపై దాడులకు కొత్త చట్టం తేవాలని చాలామంది అడుగుతుంటారు గాని, విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగిని అడ్డుకోవడానికి గాయపరిస్తే శిక్ష వేసే 121వ సెక్షన్, దౌర్జన్యానికి దిగితే శిక్ష వేసే 132వ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో ఇప్పటికే ఉన్నాయి. అక్కడ కావలసింది అమలు. గంజాయి రవాణాకు సంబంధించిన 1985 నాటి చట్టం కూడా కేంద్రానిదే కనుక దాన్ని మార్చమని మన ఎమ్మెల్యేను అడిగితే ఆయన చేయగలిగింది లేదు. మన జిల్లాల్లో పోలీసు వ్యవస్థకు మూలం 1861 నాటి పోలీసు చట్టం. పోలీసు ఉద్యోగి ఎల్లవేళలా విధిలో ఉన్నట్టే లెక్క అని దాని 22వ సెక్షన్ చెబుతుంది. వారాంతపు సెలవు దొరకని కానిస్టేబులు కష్టానికి వేరు అక్కడే ఉంది, మన అర్జీ కూడా అక్కడినుంచే మొదలు కావాలి.

ఏం అడగాలో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఇచ్చిన తీర్పులో, స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, దర్యాప్తును శాంతిభద్రతల పనినుంచి వేరు చేయాలని, బదిలీలను చూసేందుకు ఒక బోర్డు ఉండాలని, రాష్ట్ర స్థాయిలోను జిల్లా స్థాయిలోను పోలీసులపై ఫిర్యాదులను విచారించే సంస్థలు ఉండాలని ఆదేశించింది. అదే ఏడాది సోలీ సొరాబ్జీ కమిటీ తయారుచేసిన నమూనా పోలీసు చట్టం, సగటు పని రోజుకు ఎనిమిది గంటలు మించకుండా చూడాలని రాష్ట్రాలకు చెప్పింది. ఎనిమిది గంటల పనిని, జిల్లా ఫిర్యాదుల సంస్థను ఒకే కాగితంలో అడగాలని నా గట్టి అభిప్రాయం. మొదటిది మాత్రమే అడిగితే పోలీసుల మనుషులు వచ్చారంటారు, రెండోది మాత్రమే అడిగితే పోలీసుల మీద కోపంతో వచ్చారంటారు. అయినా మంచి ఐఐసీకి, అంటే స్టేషన్ బాధ్యత చూసే ఇన్‌స్పెక్టరుకు, ఈ రెండూ మేలు చేసేవే.

ఆధారాలు లేని అర్జీని ఎవరూ చదవరు. సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఎస్పీ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి, ఒడిశా నిబంధనల్లోని ఫారం-ఎ నింపి, పది రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వండి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు వేయవచ్చు. ప్రశ్న పొట్టిగా, లెక్కకు అందేలా ఉండాలి. ‘ఈ స్టేషన్‌కు మంజూరైన పోస్టులు ఎన్ని, ఈనాటికి ఖాళీలు ఎన్ని, గత ఐదేళ్లలో ఐఐసీలుగా పనిచేసినవారు చేరిన తేదీలు, బదిలీ అయిన తేదీలు ఏవి’ అన్నంతవరకు చాలు. మావోయిస్టులపై గాలింపుల గురించి, నిఘా విభాగం గురించి అడిగితే ఆ వంకతో మొత్తం దరఖాస్తునే తోసిపుచ్చవచ్చు. తెలిసిన కానిస్టేబులు దగ్గర డ్యూటీ చార్టు ఫొటో తీసుకుని అర్జీకి జతచేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి; మీకు దొరికేది ఒక కాగితం, అతనికి దొరికేది సస్పెన్షన్.

భాష గురించి మనవాళ్లకు బెరుకు ఎక్కువ. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విజ్ఞాపన ఇచ్చే హక్కు ఉంది కాబట్టి తెలుగులో రాయడం తప్పు కాదు. అయితే హక్కు వేరు, పని జరగడం వేరు. పైన ఒడియా ప్రతి, కింద తెలుగు ప్రతి పెట్టి, సంతకాలు రెండింటికీ కలిపి తీసుకుంటే గుమాస్తా చేతిలో ఆగిపోదు. అర్జీ ఒక పేజీ దాటకూడదు. సెక్షన్ నంబరు, మీ స్టేషన్ లెక్క, మీరు కోరే మార్పు, ఈ మూడే ఉండాలి.

ఒడిశాలో శాసనమండలి లేదు. 147 మంది సభ్యులున్న శాసనసభ ఒక్కటే కనుక తట్టవలసిన తలుపు కూడా ఒక్కటే. ప్రైవేటు సభ్యుడి బిల్లు పెట్టించాలని ఉత్సాహపడేవారు ఒక సంగతి గమనించాలి. అదనపు సిబ్బంది కోసం ఖజానానుంచి ఖర్చు పెట్టవలసిన బిల్లును సభ ఆమోదించాలంటే 207వ అధికరణం ప్రకారం గవర్నరు సిఫార్సు ఉండాలి. ఎనిమిది గంటల పని అంటే అదనపు సిబ్బందే కదా. అందువల్ల ముందుగా ఎమ్మెల్యే చేత నక్షత్రం గుర్తు ప్రశ్న వేయించడం, హోంశాఖ పద్దుపై చర్చలో మాట్లాడించడం, పిటిషన్ల కమిటీకి అర్జీ చేర్చడం మేలు. నక్షత్రం గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు కూడా వస్తాయి. అధికార పక్షం ఎమ్మెల్యేతో పాటు ప్రతిపక్షం ఎమ్మెల్యేకూ అదే కాగితం ఇవ్వండి. ఎన్నికల ముందు మాత్రం ఇవ్వకండి, అది వెంటనే ఎవరో ఒకరి కరపత్రం అయిపోతుంది.

సమయం ఎంచుకోవాలంటే అక్టోబరు 21, పోలీసు అమరవీరుల దినం, తగినది. 2008 జూన్ 29న మల్కన్‌గిరి జిల్లా బలిమెల జలాశయంలో పడవపై జరిగిన దాడిలో 38 మంది చనిపోయారు, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ సిబ్బంది. అందుకే అమరవీరుల దినం సరిహద్దు తెలుగువారికి పరాయిది కాదు. అయితే అర్జీని కవాతు మైదానంలో ఎస్పీ చేతికి ఇవ్వకండి. దానిపై ఆయన ఏమీ అనలేరు, ఇబ్బంది పడతారు. పూలు అక్కడ పెట్టి, కాగితం ఎమ్మెల్యే కార్యాలయంలో ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి.

మంత్రి జవాబు వచ్చాక దాన్ని మీకు సమాచార హక్కు కింద వచ్చిన లెక్కతో పోల్చి చూడండి. ఖాళీల సంఖ్యలో తేడా కనిపిస్తే ఆ రెండు కాగితాల నకళ్లను అదే ఎమ్మెల్యేకు పంపాలి. ‘పరిశీలిస్తాం, భర్తీ చేస్తాం’ అని మంత్రి సభలో మాట ఇచ్చి ఉంటే, ఆ మాటను, తేదీని పేర్కొంటూ ప్రభుత్వ హామీల కమిటీ ముందు పెట్టమని అడగాలి. సభలో ఇచ్చిన హామీలు ఎంతవరకు అమలయ్యాయో ఆరా తీయడమే ఆ కమిటీ పని.